మా బావికి నేను వేసిన తాళం

మొన్న సంక్రాంతికి అందరిలాగే మేమూ హైదరాబాదు నుంచి కారేసుకుని బయల్దేరాం, అందరిలాగే పంతంగి టోల్ గేటు దగ్గర ఇరుక్కుపోయాం. ముందు బండి కదిలేదాకా చేసే పనేముంది, హోర్డింగులు చదువుకోవడం తప్ప! చౌటుప్పల్ దాటినా, నకిరేకల్ దాటినా, సూర్యాపేట దాటినా అవే. ఫామ్ ప్లాట్లు, ఫామ్ విల్లాలు, వీకెండ్ ఎస్టేట్లు. చుట్టూ ఫెన్సింగు, ఇరవై నాలుగ్గంటల సెక్యూరిటీ, స్విమ్మింగ్ పూల్, బాక్స్ క్రికెట్, క్యాంప్ ఫైర్, రెయిన్ డాన్స్. (ఆ చెలకల్లో నీళ్ళ కోసం మా తాతలు ఆకాశం వంక చూసి చూసి మెడలు నొప్పెట్టించుకున్నారు. ఇప్పుడక్కడ రెయిన్ డాన్స్. సరే, అది వేరే కథ.)

వెనక సీట్లోంచి మా అమ్మాయి అడిగింది, "నాన్నా, మనది కూడా ఎస్టేటేనా?" అని.

మాది ఎస్టేటేం కాదు. ఇంజినీరింగులో ఒకే రూములో ఉన్న ముగ్గురం కలిసి 2016లో కొన్న ఆరెకరాల పది గుంటలు. మునగాల, కోదాడల మధ్య, మా అమ్మమ్మగారి ఊరి పొలిమేరలో ఉంది. నాలుగు మామిడి చెట్లు, రెండు వేపచెట్లు, ఒక పాత బావి. కానీ ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు "కాదు" అని గట్టిగా చెప్పలేకపోయాను. ఎందుకంటే 2018లో దాని చుట్టూ రాతి కడీలు పాతించి, జాలీ కట్టించి, గేటు పెట్టి, దానికి తాళం వేయించింది నేనే. బోర్డు కూడా రాయించాను, "అనుమతి లేనిదే లోనికి రారాదు" అని. ఎర్ర రంగుతో.

ఈ తాళం సంగతే చెబుదామని కూర్చున్నాను. కానీ ముందు స్కాట్లండు వెళ్ళి రావాలి, తప్పదు.

2012లో ఎనిమిది నెలలు గ్లాస్గోలో ఆన్‌సైట్‌లో ఉన్నాను. వారాంతాల్లో కూర వండుకోవడం, ఇంటికి ఫోన్ చేయడం, బట్టలు ఉతుక్కోవడం తప్ప వేరే వ్యాపకం లేని నన్ను చూసి జాలేసి, మా టీమ్ లీడు "ఒకసారి రమ్ వెళ్ళిరా" అన్నాడు. నేను తాగనని చెప్పాను. అతను పడీ పడీ నవ్వాడు. రమ్ అనేది ద్వీపం పేరట! పక్కనే ఎగ్, మక్ అని ఇంకో రెండు ద్వీపాలు. రమ్, ఎగ్, మక్... మెనూ కార్డు కాదండీ, నిజంగా పేర్లే.

మాలైగ్ దాకా రైలు, అక్కడి నుంచి పడవ. దిగగానే ఎదురుగా ఎర్రరాతి కోట ఒకటి కనిపిస్తుంది, కిన్లాక్ కాజిల్. దాని కథ వింటే మన గడీలు గుర్తుకొస్తాయి. ఇంగ్లండులో బట్టల మిల్లు యంత్రాలు చేసి సంపాదించిన జాన్ బులో అనే ఆయన 1888లో ఈ ద్వీపం మొత్తాన్ని కొనేశాడు. ఆయన కొడుకు జార్జ్ బులో 1897 నుంచి 1900 దాకా ఈ కోట కట్టించాడు. పొరుగూళ్ళ వాళ్ళింకా దీపాలు వెలిగించుకుంటున్న రోజుల్లో సొంతంగా కరెంటు పుట్టించుకున్నారు. గాజు గదుల్లో తాబేళ్ళనీ మొసళ్ళనీ పెంచారు. ఇంతా చేసి వాళ్ళుండేది ఏడాదికి కొన్ని వారాలే, జింకల వేటకీ చేపలు పట్టడానికీ. మిగతా జనాన్ని దగ్గరకు రానిచ్చేవారు కాదు, అందుకని ఆ ద్వీపానికి "నిషిద్ధ ద్వీపం" అని పేరొచ్చింది. మందు పేరు లాగుందని స్పెల్లింగులో ఒక అక్షరం కూడా ఇరికించారట. డబ్బుంటే స్పెల్లింగు కూడా మన చేతిలోనే ఉంటుంది!

అసలు ఆ ద్వీపం అంత ఖాళీగా ఎందుకుందంటే, అంతకుముందే 1826లో అక్కడి కౌలు రైతుల్ని, మూడు వందల మంది దాకా, ఓడలెక్కించి కెనడా పంపించేశారు. ఊళ్ళు పోయి గొర్రెలొచ్చాయి, గొర్రెలు పోయి జింకలొచ్చాయి. చివరికి 1957లో బులో కుటుంబం దాన్ని ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ సంస్థకు అమ్మేసింది. పక్కనున్న ఎగ్ ద్వీపాన్నయితే 1997లో అక్కడి జనమే చందాలేసుకుని పదిహేను లక్షల పౌండ్లకు కొనుక్కున్నారు.

కోట చూశాను, కొండెక్కాను, మిడ్జ్‌లు అనే సన్నటి దోమలు పీక్కుతింటే ముఖానికి తువ్వాలు చుట్టుకుని పరిగెత్తాను. ఇవన్నీ మామూలే. నాకు మతిపోయింది తిరుగు ప్రయాణంలో. మాలైగ్ దగ్గర ఒకరోజు ఆగి, కొండల్లోకి నడుచుకుంటూ వెళ్తుంటే ఒక ప్రైవేటు ఎస్టేటు అడ్డొచ్చింది. పెద్ద కంచె, గేటు. వెనక్కి తిరగబోయాను. నా వెనకే వస్తున్న ముసలి దంపతులు గేటు తీసుకుని లోపలికెళ్ళి, నా కోసం పట్టుకుని నిలబడ్డారు. గేటుకు తాళం లేదు. బోర్డు ఉంది. దాని మీద "దయచేసి వెళ్ళేటప్పుడు గేటు మూయండి" అని ఉంది, అంతే. కంచె జింకల కోసమట, మనుషుల కోసం కాదట.

సోమవారం ఆఫీసులో "పర్మిషన్ లేకుండా వెళ్ళొచ్చా?" అని అడిగితే మా లీడు "నడవడానికి పర్మిషనా?" అని ఎదురు ప్రశ్న వేశాడు. అప్పుడు తెలిసింది. స్కాట్లండు పార్లమెంటు 2003లో భూసంస్కరణల చట్టం చేసింది, 2005 ఫిబ్రవరి నుంచి అమలైంది. భూమి ఎవరిదైనా సరే, బాధ్యతగా ఉంటే ఎవరైనా దాని మీద నడవొచ్చు, సైకిలు తొక్కొచ్చు, గుర్రమెక్కి పోవచ్చు, చెరువులో ఈదొచ్చు, ఒకటి రెండు రాత్రులు గుడారం వేసుకోవచ్చు. మోటారు బండ్లు కుదరవు. ఇంటి చుట్టూ ఉన్న పెరట్లోకి వెళ్ళకూడదు. పంట వేసిన చేలో తొక్కకూడదు. వేటాడే హక్కూ, చేపలు పట్టే హక్కూ మాత్రం ఇందులో రావు, అవి ఎస్టేటు వాళ్ళవే. జింకల వేట సాగే రోజుల్లో ఏ దారిన వెళ్తే వేటకి ఇబ్బంది కాదో వాళ్ళు చెబుతారు, నడిచేవాళ్ళు వింటారు. నేను చూసినంతలో ఇద్దరి మధ్యా పెద్ద గొడవేం కనపడలేదు.

అదేదో స్వర్గమని కాదు నేననేది. ప్రైవేటు భూముల్లో సగం నాలుగు వందల పైచిలుకు యజమానుల చేతిలో ఉన్న దేశం అది. వీటిల్లో చాలా వాటికి 1826 లాంటి చరిత్రే ఉంది. భూమి పంచడం చేతకాలేదు కానీ, కనీసం దారి పంచారు. మనం దీనికి సరిగ్గా తలకిందులుగా చేశామని నా అభియోగం.

ఎస్టేటు అనే మాట మాకు కొత్తదేం కాదు. మాది మునగాల పరగణా. పాత మ్యాపు చూస్తే నవ్వొస్తుంది. చుట్టూ నైజాం రాజ్యం, మధ్యలో ఇంగ్లీషు వాళ్ళ కృష్ణా జిల్లా ముక్క ఒకటి తేలుతూ ఉంటుంది, అచ్చం ద్వీపం లాగా. జమీందారు నాయని వెంకట రంగారావు. నడిగూడెంలో ఆయన కోట. ఆయన సామాన్యుడేం కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్ళలో ఒకరు. ఆయన దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు పేరు తెలియని తెలుగు పుస్తకాల పిచ్చోళ్ళు ఉండరు. అదే పరగణాలో 1930ల్లో వెట్టికి వ్యతిరేకంగా రైతులు తిరగబడ్డారు. పొలిమేర దాటితే సూర్యాపేట వైపు దేశ్‌ముఖ్‌ల రాజ్యం. జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. లక్షన్నర! రమ్ ద్వీపం మొత్తం కలిపితే ఇరవై ఆరు వేల ఎకరాలు. సాయుధ పోరాటం, ఎస్టేట్ల రద్దు, 1973 సీలింగు చట్టం... ఇంత జరిగాక ఆ భూములు ముక్కలై మా మేనమామ లాంటి వాళ్ళ చేతికొచ్చాయి.

మా చిన్నప్పుడు ఆ ముక్కలకి గెట్లే తప్ప గేట్లు లేవు. పంట కోసేస్తే చేనంతా మా గ్రౌండే. చిర్రగోనె ఒకళ్ళ చెలకలో మొదలైతే ఇంకొకళ్ళ చెలకలో పూర్తయ్యేది. ఈత అందరికీ ఒకటే బావిలో, ఇప్పుడు నా తాళం వెనకున్న బావిలో. అప్పుడది ఎవరిదో కూడా నాకు తెలీదు. మా మామయ్య నా నడుముకి మునగబెండ్లు కట్టి మోటగట్టు మీద నుంచి తోసేశాడు. నీళ్ళు మింగాను, ఏడ్చాను, మూడో రోజుకి ఈతొచ్చింది. బావి యజమాని వచ్చి తిట్టేవాడు కానీ, తిట్టేది "ఈతకొచ్చారెందుకు" అని కాదు, "మోటారు పైపు మీద కాళ్ళెట్టొద్దురా" అని. ఆ మాట స్కాట్లండు వాళ్ళ చట్టంలో పెట్టినా సరిపోతుంది.

మరి అదే బావిలో ఈత నేర్చుకున్నవాణ్ణి తాళం ఎందుకు వేశాను? భయం. మీలో పొలం కొన్న ప్రతివాడికీ ఉండే భయమే. కబ్జా భయం ఒకటి. మనం హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటాం, ఎవడో వచ్చి కూర్చుంటే? రెండోది కేసు భయం. ఎవడి పిల్లాడైనా బావిలో పడితే? మా ముగ్గురిలో మిర్యాలగూడ వాడొకడున్నాడు, వాళ్ళకి రైసు మిల్లుంది. మిల్లంటే గోడ, గేటు, వాచ్‌మన్ లేకుండా వాడి బుర్ర ఊహించలేదు. "నీ పేరున పట్టా ఉంది, నీ బావిలో పోతే నిన్నే అడుగుతార్రా" అన్నాడు. కాదనడానికి నా దగ్గర జవాబు లేదు. పైగా, నిజం చెప్పొద్దూ, కంచె కట్టాక ఫోటో తీసి ఆఫీసులో చూపిస్తే వచ్చే కిక్కు వేరు.

2019 సెప్టెంబరులో ఒక ఆదివారం మామయ్య ఫోన్ చేశాడు. మామూలుగా అయితే వానలెట్ల పడ్డయ్, మోటారెట్ల కాలింది అని మొదలుపెడతాడు. ఆ రోజు ముందే అడిగాడు.

"అల్లుడూ, బాయికి తాళమేసినవ్ బానే ఉంది. పోరగాండ్లు ఈత మానేస్తరనుకున్నవా?"

"ఏమైంది మామయ్యా?"

"కాల్వకు పోతున్రు. ఇయ్యాల ఒకడు కొట్టుకపోయిండు."

నా కాళ్ళు చల్లబడ్డాయి. పిల్లాడు బతికాడు లెండి. కిందనున్న వంతెన దగ్గర గొర్రెలు కడుగుతున్న వాళ్ళు పగ్గం విసిరితే పట్టుకున్నాడట. పదమూడేళ్ళ వాడు. వాళ్ళ నాన్నా నేనూ ఆ బావిలోనే కలిసి ఈదాం.

కాలవ అంటే తెలియని వాళ్ళకి చెబుతాను. నాగార్జునసాగర్ ఎడమ కాలవ. 1967లో నీళ్ళొదిలిన దగ్గర్నుంచీ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడల అన్నం దాన్నుంచే వస్తోంది, దాన్ని తిట్టే నోరు నాకు లేదు. కానీ అది ఈతకి కట్టింది కాదు. తల దగ్గర పదకొండు వేల క్యూసెక్కులకి తవ్విన కాలవ. పైన చూస్తే నిమ్మళంగా పోతున్నట్టుంటుంది, దిగితే లాగేస్తుంది. రెండు పక్కలా సిమెంటు లైనింగు ఏటవాలుగా ఉంటుంది, దాని మీద పాచి. ఒడ్డు చేతికందుతుంది కానీ ఎక్కలేరు. గోళ్ళు జారిపోతాయి. ఈతొచ్చిన వాళ్ళే పోతారు అందులో, ఈతొచ్చని దిగుతారు కాబట్టి. బావిలో అలా కాదు. నీళ్ళు కదలవు, మెట్లుంటాయి, ఒడ్డున పెద్దవాళ్ళెవరో ఉంటారు.

అంటే కేసు నా మీదకి రాకుండా, ప్రమాదాన్ని అరకిలోమీటరు అవతలికి జరిపాను. మన భాషలో చెప్పాలంటే బగ్ ఫిక్స్ చెయ్యలేదు, వేరే మాడ్యూలుకి అసైన్ చేసి నా పేరు తీసేసుకున్నాను.

తర్వాత లాక్‌డౌన్‌లో నాలుగు నెలలు ఊర్లోనే ఉండి పనిచేశాను. అప్పుడు చూశాను మా కంచె చుట్టూ ఎవరెవరు తిరిగి పోతున్నారో. మేకలవాళ్ళు, తునికాకు కోసం గుట్టకి పోయేవాళ్ళు, అవతల చెలకలున్న నలుగురు రైతులు. వాళ్ళ బండ్ల బాట మా సర్వే నంబరులోంచే పోయేదట. అది నక్షాబాట కాదు, అంటే ఊరి పటంలో గీత లేదు. గీత ఉంటే ఎవడూ మూయలేడు. లేదు కాబట్టి మూసేశాం, చట్టం మా వైపే ఉందనుకున్నాం. ఆ బాట మీద మూడు తరాల బండి చక్రాల గాడి ఇంకా కనిపిస్తోంది, నేరుగా వచ్చి మా జాలీకి గుద్దుకుని ఆగిపోయి. వాళ్ళలో ఒక్కడూ నన్ను నిలదీయలేదు. "సారు కొనుక్కున్నడు" అన్నారు, అంతే. నిలదీసినా అంత బాధ ఉండేది కాదు.

ఇక్కడో మాట ఒప్పుకోవాలి. సర్కారు ఆటలకి ఏమీ చేయలేదని అనను. 2022 జూన్ 2న ఊరూరా క్రీడా ప్రాంగణాలని మొదలుపెట్టారు. మా ఊళ్ళో బోర్డు, రెండు స్తంభాలు వచ్చాయి. ఊరికి దూరంగా, నీడ లేని చోట. పిల్లలు వెళ్ళరు. సూర్యాపేటలో సద్దుల చెరువు కట్టని బాగు చేశారు, సాయంత్రం వేళ వెళ్తే కాలు పెట్టే సందు ఉండదు, అది మంచి పని. కానీ మనకి ఆటంటే ముందు గుర్తొచ్చేది పోటీ, గ్యాలరీ, ముఖ్య అతిథులు. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలప్పుడు కర్రల గ్యాలరీ కూలి వంద మందికి పైగా దెబ్బలు తగిలాయి. చూడ్డానికి అంత మంది వచ్చారంటే ఆటంటే జనానికి ఎంత ఆకలో చూడండి. రెండేళ్ళకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకి హైవేనే పక్కకి మళ్ళిస్తారు. లింగమంతుల స్వామి కోసం నేషనల్ హైవే దారిస్తుంది, మా ఆరెకరాలు మాత్రం మేకలకి దారివ్వవు!

ఇంతకీ ఏం చేశానంటే, 2021 వేసవికి ముందు బావి మెట్లు బాగు చేయించాను. ఒక పక్క నుంచి ఇంకో పక్కకి నీటి మట్టాన తాడు కట్టించాను, మూలన ట్యూబులు రెండు. సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా గేటు తీసి ఉంటుంది. ఆ టైములో మామయ్య వేపచెట్టు కింద మంచమేసుకుని కూర్చుంటాడు, జీతం పుచ్చుకోకుండా పెద్దరికం మాత్రం బాగా చేస్తాడు. మేకలవాళ్ళకీ, అవతలి రైతులకీ గెట్టు వెంబడి పది అడుగుల బాట వదిలి కంచె లోపలికి జరిపించాను. దానికి పోయింది ఆరు గుంటలు. ఆరెకరాల పది గుంటల్లో ఆరు గుంటలు!

మా మిర్యాలగూడ వాడు ఒప్పుకోలేదు. బాట వరకు సరేనన్నాడు, బావికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు. వాడి వాదన తీసిపారేయలేను. స్కాట్లండులో కూడా దారి హక్కు ఇచ్చినంత మాత్రాన యజమాని జాగ్రత్త బాధ్యత పోదు, అలాగే ఉంటుంది. కాకపోతే అక్కడ కళ్ళకి కనిపించే ప్రమాదంలోకి తెలిసి దిగినవాడి బాధ్యత వాడిదేనని కోర్టులు అంటాయి. ఇక్కడ అంత ధీమా లేదు. కోర్టు దాకా పోకముందే ఊరూ, స్టేషనూ, టీవీ చానెలూ తీర్పిచ్చేస్తాయి. అందుకే ఈ భయం వదిలించే చట్టం ఒకటి కావాలంటాను. తన నేలనీ నీళ్ళనీ ఉచితంగా వాడుకోనిచ్చినవాణ్ణి, నిర్లక్ష్యం లేనంతవరకు, కేసుల్లో ఇరికించని చట్టం. అది లేకుండా "గేట్లు తియ్యండి" అని మాత్రమే చెబితే ఎవరూ తియ్యరు, నేను మాత్రం తీసేవాణ్ణా, ఆ ఫోన్ రాకపోతే?

కానీ బాట సంగతికి చట్టం దాకా ఎదురుచూడక్కర్లేదు. ఈ రోడ్డు మీద పొలాలు కొంటున్నది ఎక్కువగా మనమే, మన జీతాలే, మన బోనస్‌లే. కొనేముందు పట్టా, పాసుబుక్కు, ఈసీ చూసుకున్నట్టే, సాయంత్రం పూట ఒక గంట అక్కడ నిలబడండి. ఎవరెవరు ఆ నేల మీదుగా నడిచి పోతున్నారో, ఏ బావిలో ఎవరు ఈదుతున్నారో చూడండి. కంచె వేసే ముందు మీ మ్యాపులో ఆ గీత మీరే గీసుకోండి. పంట మీదా, చెట్ల మీదా, ఇంటి మీదా హక్కు మీరు కొన్నారు. పక్క చేను వాడి నడక మీరు కొనలేదు, అమ్మినవాడి దగ్గరా అది లేదు.

పోయిన వేసవిలో మా అమ్మాయికి ఆ బావిలోనే ఈత నేర్పించాను. అపార్ట్‌మెంటు పూల్లో రెండు కోర్సులయ్యాయి కానీ, మెట్టు మీద నుంచి దూకమంటే గంటసేపు ఏడ్చింది. చివరికి నేర్పింది నేను కాదు, ఆ రోజు కాలవలో కొట్టుకుపోయిన పిల్లాడు. ఇప్పుడు కోదాడలో డిగ్రీ చదువుతున్నాడు, సెలవులకి వస్తే మా మామయ్య మంచం మీద వాడే కూర్చుంటున్నాడు.

బోర్డు రంగు వెలిసిపోయింది. మళ్ళీ రాయించాలి. ఈసారి "గేటు మూసి వెళ్ళండి, లోపల దూడలున్నాయి" అని రాయిద్దామంటే, మా మిర్యాలగూడ వాడు దాని కింద "ఈతకు దిగేవారు తమ బాధ్యతపై దిగవలెను" అని ఉండాల్సిందే అంటున్నాడు. రాయిస్తాను. బోర్డులో చోటుంది.